సారు ఈస్టు, సంజీవమ్మ చెయ్యి

మా అవ్వ సంజీవమ్మ ఎవరినైనా నోరారా తిట్టిందంటే వాళ్లు బతికిపోయినట్టే. తిట్టకుండా, పైట చెంగుతో మూతి తుడుచుకుని, "సరేలే నాయనా" అని నవ్విందంటే మాత్రం వాళ్ల పని అయిపోయినట్టు. ఊళ్లో గంగులయ్య అనే ఆయన ఒకసారి, మీ మేక మా చేలో పడిందని నలుగురిలో అన్నాడు. పడింది వేరే వాళ్ల మేక. అవ్వ ఆయన్ని ఒక్క మాట అనలేదు. పదమూడేళ్ల తర్వాత ఆయన కొడుకు పెళ్లికి పోయి, కడుపు నిండా తిని, పప్పులో ఉప్పు లేదని ఇంటింటి అరుగు మీదా కూర్చుని చెప్పి వచ్చింది. ఉప్పు సరిపోయిందని అక్కడ తిన్న వాళ్లందరికీ తెలుసు. అయినా ఈ రోజుకీ ఆ పెళ్లి పేరు ఉప్పు లేని పెళ్లి.

అట్లాంటి మనిషి పదకొండేళ్లుగా కువైట్‌లో ఉంది. మొదటి ఆరేళ్లు ఒక కువైటీ ఇంట్లో, మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు చెప్పినట్టల్లా చేసింది. తర్వాత ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే పర్మిట్టు, మార్చుకుని ఎగైలా అనే పేటలో ఒక తెలుగు వాళ్లింటికి వచ్చింది. ఇంటాయన అనంతరామ్ సారు, హైదరాబాదు మనిషి, ఆయిల్ పనుల ఇంజినీరు. ఆయన భార్య పద్మజ బడిలో టీచరు. అవ్వకి అక్కడ జీతం కంటే ఎక్కువగా దొరికింది పేరు. ఆ పేరు ఆమె చేతిది.

చిన్నప్పటి నుంచీ అవ్వ చెయ్యి మంచిదని పేరు. ఆమె తోడు వేస్తే పాలు గడ్డపెరుగై కూర్చుంటాయి. ఆమె కలిపిన ఊరగాయకి బూజు పట్టదు. ఆమె రుబ్బి పెట్టిన పిండి చలికాలంలో కూడా పొంగి గిన్నె దాటుతుంది. కువైట్‌లో ప్యాకెట్ పాలు, ఏసీ ఇళ్లు. అక్కడి ఆడవాళ్లు పెరుగు చేస్తే తీగలు సాగుతుంది. అవ్వ చేస్తే చెంచా నిలబడుతుంది. అందుకని చుట్టుపక్కల ఆరేడు తెలుగిళ్ల నుంచి ఎవరో ఒకరు స్టీలు గిన్నె పట్టుకుని తలుపు దగ్గర నిలబడేవాళ్లు. "సంజీవమ్మా, కొంచెం తోడు పెట్టమ్మా." పెద్ద చదువులు చదివిన వాళ్లు, కారు నడిపే వాళ్లు, ఈమె ముందు గిన్నె పట్టుకుని నిలబడటం. ఆ సుఖం ముందు జీతం ఒక లెక్కా?

గొడవ ఒక జులైలో మొదలైంది. ఆ ఎండాకాలం ముందరే వాళ్లు కంపెనీ ఇల్లు వదిలి అదే పేటలో ఈ ఫ్లాటుకి మారారు. సారుకి ఇంట్లో బీరు కాచే సరదా ఒకటి ఉంది. ఆ దేశంలో అది చెయ్యకూడని పని. తెలిస్తే ఉద్యోగం, ఇఖామా అన్నీ పోయి విమానం ఎక్కాల్సిందే. తలుపు చప్పుడైతే చాలు, పద్మజమ్మ ఉలిక్కిపడేది. సారు మాత్రం అంగట్లో దొరికే మత్తులేని బార్లీ నీళ్లు తెచ్చి, పంచదార కలిపి కాచి, స్నేహితుడు బయటి దేశం నుంచి తెచ్చిచ్చిన ఈస్టు పొట్లాలు అపురూపంగా విప్పి, గడియారం చూసుకుంటూ ఒక పూజలాగా చేసేవారు.

ఒక గురువారం ఉదయం, ఆఫీసుకి పోబోతూ, అవ్వని చిన్న స్నానాలగదిలోకి పిలిచారు. నేల మీద ఒక టబ్బు. టబ్బులో సన్నమెడ గాజు బుడ్డి, దాని మూతికి వెండిరంగు కాగితం. నీలం గుర్తున్న కుళాయి నుంచి ఒక సన్నని గొట్టం టబ్బులోకి దిగి ఉంది. దాని గుండా నీళ్లు దారం లావున పడుతున్నాయి. నిండినవి నిండినట్టే పొర్లి తూములోకి పోతున్నాయి.

"చూడు సంజీవమ్మా, ఇది ఈస్టు. ప్రాణం ఉంటది దీనికి. ఒక్కసారే పెద్ద డబ్బాల వేస్తే తట్టుకోలేదు. ముందు ఇట్ల కొంచెం బార్లీ నీళ్లల్ల లేపాలె. బలం పట్టినంక పెద్దదాంట్ల పోయాలె. దీన్ని స్టార్టర్ అంటరు."

"తోడు అంటాం సారూ మేము."

"తోడు పెరుగుకి. ఇది స్టార్టర్. సైన్స్." సారు నవ్వారు. "చల్లనీళ్లు పారుతుంటే లోపల ఒక్కతీరుగ ఉంటది. మూడు గంటలకి బిల్డింగ్ ట్యాంకు నింపుతరు, అప్పుడు కుళాయి కట్టెయ్. అంతే. బుడ్డిని ముట్టకు."

ముట్టకు అంటే అవ్వ ముట్టదు. చూడొద్దని మాత్రం ఆయన అనలేదు కదా. అందరూ వెళ్లిపోయాక, తొమ్మిదింటికి, ముక్కాలిపీట వేసుకుని బుడ్డి ముందు కూర్చుంది. బుడ్డిలో పైన సన్నని నురగ ఉంగరంలాగా కట్టింది. లోపల తెల్లటి పొడి మబ్బుల్లాగా పైకి లేస్తోంది, మళ్లీ కిందికి దిగుతోంది. వాసన చూస్తే కొత్త రొట్టె, దాని పక్కనే మాగిన రేగుపండు. అవ్వ మూతి మీద వేలు పెట్టుకుంది. "ఓసి నీ! తోడు కాదంట! తోడు కాకపోతే ఇంకేందీ ఎగరడం?"

మధ్యాహ్నం ఒంటిగంటకి చూస్తే నురగ లేదు. మూడింటికి కుళాయి కట్టడానికి టబ్బులో చెయ్యి పెట్టి, "అబ్బ!" అని వెనక్కి లాక్కుంది. జులైలో కువైట్ మిద్దె మీది ట్యాంకు నీళ్లంటే టీ పొడి వేసుకోవచ్చు. ఆ నీళ్లే పొద్దున్నుంచీ దారంలాగా వచ్చి బుడ్డిని ఉడకేశాయి. లోపలి మబ్బులన్నీ అడుగున సున్నంలాగా పడి ఉన్నాయి. ఒక్క బుడగ లేదు.

గల్ఫులో ఎండాకాలం చల్లనీళ్ల కుళాయి కాగుతుందని ఆ దేశంలో నెల రోజులున్న వాడికైనా తెలుసు, సారుకి తెలియదా అంటే, తెలుసు. కానీ ఈ బిల్డింగులో ట్యాంకుని చల్లబరిచే మిషను ఉందని అద్దె కాగితాల్లో రాసి ఉంది. కాగితంలో ఉంటే సారుకి అది ఉన్నట్టే. ఆయన స్నానం తెల్లవారి అయిదింటికి, అప్పుడు నీళ్లు ఎట్లాగూ గోరువెచ్చగా ఉంటాయి. మధ్యాహ్నాలు ఆఫీసులో. సెలవు రోజు చెంచాతో తిని, కాగితంతో తుడుచుకుని నిద్రపోతారు. వంటింటి కుళాయిని ఆయన చెయ్యి ఎప్పుడూ ఎరగదు.

అవ్వ చెప్పాలనే అనుకుంది. ఆరింటికి సారు రాగానే వెంటపడింది.

"సారూ, ఆ నీళ్లు ఉండాయే..."

సారు బుడ్డిని లైటుకి ఎత్తి చూస్తున్నారు. అప్పటికి టబ్బులో నీళ్లు చల్లారి గోరువెచ్చగా ఉన్నాయి. "వేడి పుట్టింది. అంటే పని చేసింది, పని చేస్తే వేడి పుడుతది. మరి నురగేది? నువ్వేమన్న ముట్టినవా?"

"కుళాయి కట్టినా, మీరు చెప్పినట్టే. అయితే ఆ నీళ్లు..."

"నీళ్ల సంగతి నాకు తెలుసు. నువ్వు చెయ్యి సబ్బుతో కడుక్కున్నవా లేదా, అది చెప్పు ముందు."

అవ్వ నోరు మూసుకుంది. అప్పటికింకా అది పగ కాదు, ఉత్త చిరాకే.

పగ శనివారం పుట్టింది. ఆ మధ్యాహ్నం భోజనానికి డాక్టర్ కౌశల్, ఆయన భార్య నిత్య వచ్చారు. విజయవాడ వాళ్లు, వెనక వీధిలో ఉంటారు. ఇంకో రెండు కుటుంబాలు కూడా ఉన్నాయి. నిత్య వస్తూనే వంటింటి గుమ్మంలో స్టీలు గిన్నె పట్టుకుని నిలబడింది. అవ్వ ఫ్రిజ్ తెరిచి తోడు తీయబోతోంది. హాల్లో కౌశల్, "ఏంటి సార్, బీర్ అన్నారు, బార్లీ నీళ్లు పోస్తున్నారేంటి?" అని నవ్వాడు.

"ఏం చెప్పమంటరు డాక్టరు సాబ్! అంతా కరెక్టే చేసిన. మా సంజీవమ్మ చెయ్యి తగిలింది, స్టార్టర్ చచ్చింది. ఆమె చెయ్యి అట్లాంటిది. ఈస్టే కాదు, ఆమె ముట్టుకుంటే పాలు గూడ తోడుకోవు!"

హాలంతా నవ్వు. మగవాళ్లు నవ్వారు, ఆడవాళ్లు నవ్వారు, పద్మజమ్మ ఒక్కతే "ఛ, ఊరుకోండి" అంది. గుమ్మంలో నిత్య కూడా నవ్వింది. నవ్వి, గిన్నెని మెల్లగా సంచీలో పెట్టేసుకుంది.

"ఇవాళ వద్దులే సంజీవమ్మా. మా ఇంట్లో పాలు లేవు."

పొద్దునే నాలుగు ప్యాకెట్లు తెచ్చామని ఆమె మొగుడు అయిదు నిమిషాల కిందటే చెప్పి ఉన్నాడు.

అవ్వ ఫ్రిజ్ తలుపు వేసింది. పైట చెంగుతో మూతి తుడుచుకుంది. "సరేలేమ్మా" అని నవ్వింది.

మరుసటి వారం గిన్నె పట్టుకుని ఒక్కరు వచ్చారు. ఆ పై వారం ఎవరూ రాలేదు. ఎదురు ఫ్లాటావిడ పిండి రుబ్బించుకోవడానికి వేరే మనిషిని చూసుకుందని తెలిసింది. మాట అన్నది హాస్యానికే కావచ్చు. కానీ చేతి మీద పడిన మాట వంటింటి కమురు లాంటిది, ఎవరూ తీసుకెళ్లకుండానే ఇంటింటికీ పోతుంది.

ఇక అవ్వ మొదలుపెట్టింది. అంటే ఏమీ చెయ్యడం మొదలుపెట్టలేదు. అదే ఆమె పగ. సారు ప్రతి గురువారం కొత్త ఈస్టు పొట్లం విప్పుతారు, టబ్బు నింపుతారు, గొట్టం పెట్టి ఆఫీసుకి పోతారు. అవ్వ మూడింటికి కుళాయి కడుతుంది. అంతే. నీళ్లు కాగుతున్నాయని ఒక్క మాట చెబితే చాలు, ఆయన కష్టం తీరిపోతుంది. ఆ ఒక్క మాటనీ అవ్వ నాలుక కింద పెట్టుకుని వక్కలాగా చప్పరించింది.

సారు రెండో వారం బార్లీ నీళ్ల రకం మార్చారు. మూడో వారం గాజు బుడ్డిని ఘాటు మందుతో కడిగి కళ్లు మండించుకున్నారు. నాలుగో వారం అవ్వకి రబ్బరు తొడుగులు తెచ్చిచ్చారు.

"ఇవి వేసుకుని కుళాయి కట్టు."

"వేసుకుంటా సారూ. మెడకి గూడా ఏమన్నా ఉంటే తెండి, ఊపిరి తగులుతాదేమో."

సారుకి ఎగతాళి అర్థం కాలేదు. నిజంగానే మాస్కు తెచ్చిచ్చారు. అవ్వ తొడుగులూ మాస్కూ వేసుకుని, ఆపరేషన్ చేసే డాక్టరమ్మలాగా మూడింటికి పోయి కుళాయి కట్టేది. సాయంత్రం సారు చచ్చిన బుడ్డిని ఎత్తి చూసేటప్పుడు, చీపురు పట్టుకుని ఎదురుగానే ఉండేలా చూసుకునేది. ఆయన ముఖం వాడిపోవడం ఆమెకి రోజూ చూసే సీరియల్ కంటే బాగుండేది.

ఇదంతా ఒక ఎత్తు. రెండో గురువారమే అవ్వ ఇంకో పని చేసింది. ఉదయం తొమ్మిదింటికి, నీళ్లు కాగకముందే, బుడ్డిలో మబ్బులు ఎగురుతుండగా, కడిగిన చెంచాతో రెండు చెంచాలు తీసింది. ఖాళీ ఊరగాయ జాడీలో పోసి, కొంచెం బార్లీ నీళ్లు కలిపి తన గదిలో దాచింది. సారు ఈస్టు తన చేతి కింద బతికిందని ఎప్పటికైనా నలుగురికీ చూపించాలి. అదీ ఆమె ఆలోచన.

ఊరగాయ జాడీ కదా అని మూత గట్టిగా బిగించింది. ఊరగాయకి గాలి తగలకూడదు. మరుసటి మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఢామ్మని మూత ఎగిరి ట్యూబులైటుకి తగిలింది. అవ్వ మంచం మీంచి దిగి, పోలీసులే వచ్చారనుకుని రెండు చేతులూ ఎత్తి నిలబడింది. ఆ తర్వాత బుద్ధి తెచ్చుకుని మూతికి పలచని గుడ్డ వాసెన కట్టింది.

మెల్లగా దాని గుణాలన్నీ తెలిశాయి. కడుపు నిండా ఒక్కసారే పోస్తే బిత్తరపోయి పడుకుంటుంది. కొంచెం పెట్టి, అది తిని లేచాక, దానికి రెండింతలు పెడితే ఉరకలు వేస్తుంది. రెండు రోజులు మరిచిపోతే పైన నీళ్లు తేరి, పుల్లటి కంపు కొట్టి, అలిగినట్టు ఉంటుంది. ఫ్రిజ్‌లో పెడితే చచ్చిపోయినట్టే అడుగుకి దిగి గట్టిపడుతుంది, కానీ చావదు. బయటికి తీసి, చలి వదిలాక నాలుగు చెంచాలు పెట్టి, పూటంతా వదిలేస్తే అప్పుడు ఒక్క బుడగ. ఆ బుడగ కోసం అవ్వ మంచం మీద బోర్లా పడుకుని చూసేది. "లేసినావా తల్లీ? లే, లే. మీ సారుకి చూపిద్దాం."

పైన మూడో అంతస్తులో ఒక కువైటీ ఇంట్లో బషీరా బీ పని చేసేది. రాయచోటి మనిషి, అవ్వ కంటే పదేళ్లు చిన్న. ఇద్దరూ సాయంత్రం నాలుగింటికి మిద్దె మీద, ట్యాంకుల నీడలో బట్టలు ఆరేస్తూ కలుసుకునేవాళ్లు. అవ్వ ఆమెకి తప్ప ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"యా అల్లా! ఆ జాడీ నాకు చూపించొద్దక్కా. చూసినా పాపమే," అని బషీరా బీ చెవులు మూసుకుంది. రెండు నిమిషాలకి తనే అడిగింది. "ఇంకా బతికే ఉండాదా?"

"బతకడమా? నీకంటే హుషారుగా ఉండాది."

"ఇంత బాధ ఎందుకక్కా? ఒక్క ఫోను కొడితే పోలీసోళ్లు వచ్చి సారుని ఎత్తకపోతారు కదా."

"ఎత్తకపోతే ఏమొస్తాది బూబమ్మా? ఆయప్ప పోతాడు, ఆయప్పతో పాటు పద్మజమ్మ పోతాది, నా అకామా పోతాది. ఊరికి పోయి కూసున్నా గూడా, సంజీవమ్మ చెయ్యి పాడుదనే మాట ఈడనే ఉండిపోతాది. నాకు ఆయప్ప పోయేది వద్దు. ఆ మాట అన్న నోరు ఉండాదే, ఆ నోరే, ఆ నలుగురి ముందర, కాదనాల."

"అయితే తొందరగా అనిపించుకో." బషీరా బీ తడి చేత్తో ట్యాంకుని తట్టింది. "అక్టోబరు వస్తే ఇది చల్లబడతాది. అప్పుడు మీ సారు ఈస్టు దానంతట అదే లేస్తాది. నువ్వు తొడుగులేసుకుంటే బాగుపడిందని చెప్పుకుంటాడు. నీ చెయ్యి పాడుదనే మాట రాయి మీద చెక్కినట్టే ఇంక."

అవ్వ చేతిలో తడి దుప్పటి అట్లాగే ఉండిపోయింది. ఈ లెక్క ఆమెకి తట్టలేదు.

ఆ రోజు నుంచి మూడింటికి తొడుగు తీసేసి, టబ్బులో చెయ్యి పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆగస్టులో రెండు అనే లోపల చెయ్యి లాక్కోవాల్సి వచ్చేది. సెప్టెంబరు మొదట్లో నాలుగు దాకా ఆగింది. మూడో వారానికి ఆరు. ఒక్కో అంకె పెరుగుతుంటే అవ్వకి గుండెలో రాయి పడుతోంది. ఆ వారమే సారు చివరి ఈస్టు పొట్లం విప్పారు. శుక్రవారం భోజనానికి జులైలో వచ్చిన వాళ్లందరినీ పిలిచారు కూడా. కౌశల్ ఈ మధ్య తనూ కాచడం మొదలుపెట్టి, పొంగిన బుడ్డి ఫోటోలు పంపిస్తున్నాడు. సారుకి అది ముల్లు.

ఆ గురువారం ఒంటిగంటకి అవ్వ బుడ్డి చూసింది. నురగ తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అంచున రెండు బుడగలు పట్టుకుని వేలాడుతున్నాయి. నీళ్లలో చెయ్యి పెట్టింది. ఏడు. ఇది బతికితే? రేపు నలుగురిలో సారు బుడ్డి ఎత్తి చూపిస్తారు. చూశారా, తొడుగులు వేయిస్తే లేచింది అంటారు. అంతా చప్పట్లు కొడతారు.

అవ్వ వంటింట్లోకి పోయి కెటిల్ ఆన్ చేసింది. నీళ్లు మరిగాయి. కెటిల్ పట్టుకుని స్నానాలగది దాకా వచ్చింది. గుమ్మంలో ఆగింది. ఒక్క చెంబుడు పోస్తే చాలు. ఎవరు చూస్తారు? కానీ పోస్తే సారు అన్నది నిజం అవుతుంది. సంజీవమ్మ చెయ్యి తగిలే చచ్చినట్టు అవుతుంది. ఆ కెటిల్ అట్లాగే వెనక్కి తీసుకుపోయి, కోపంతో ఆ నీళ్లతో ఒక టీ పెట్టుకుని, పంచదార వెయ్యడం కూడా మరిచిపోయి తాగింది.

మూడింటికి చూస్తే ఆ రెండు బుడగలూ పోయాయి. అవ్వ కూలబడి ఏడ్చినంత పని చేసింది, సంతోషంతో.

శుక్రవారం రెండున్నరకి భోజనాలయ్యాయి. సారు బుడ్డి తెచ్చి బల్ల మీద పెట్టారు. ఊపారు. అడుగు మడ్డి లేచి, మళ్లీ అడుగుకే పోయింది.

"పోయింది సార్," అన్నాడు కౌశల్. "మాది చూడాలి మీరు, మూత తన్నేస్తోంది."

"మీ ఇంట్ల సంజీవమ్మ లేదు కదా డాక్టరు సాబ్," అన్నారు సారు. మళ్లీ అంతా నవ్వారు.

అవ్వ గదిలోకి పోయి జాడీ తెచ్చి, బుడ్డి పక్కన పెట్టింది. పొద్దునే రెండింతలు పెట్టి ఉంచింది. వాసెన గుడ్డ బుడగలాగా ఉబ్బి ఉంది. విప్పగానే నురగ పైకి వచ్చి అంచు మీదుగా బల్ల మీదికి కారింది. గదంతా కొత్త రొట్టె వాసన.

"ఏందిది?" అన్నారు సారు.

"తోడు సారూ. మీదే. జులైలో రెండు చెంచాలు ఎత్తుకున్నా. రెండు నెలలు దాటె, ఇదే చెయ్యి పెట్టి సాకుతాండా. తొడుగులు గూడా లే."

కౌశల్ వంగి వాసన చూశాడు. వేలితో నురగ తీసి చూశాడు. "సార్, ఇది బ్రహ్మాండంగా ఉంది! అసలైన స్టార్టర్ అంటే ఇదీ!"

"అట్ల ఎట్ల అయితది? మరి నాదెందుకు చస్తది?"

"రాండి సారూ, చూపిస్తా."

అవ్వ ముందు నడిచింది. వెనక సారు, ఆయన వెనక కౌశల్, నిత్య, ఎదురు ఫ్లాటావిడ, పిల్లలు, అంతా ఆ ఇరుకు స్నానాలగది గుమ్మంలో ఒకరి భుజం మీంచి ఒకరు తొంగి చూశారు. టైము మూడు. అవ్వ నీలం గుర్తు కుళాయి తిప్పింది.

"చెయ్యి పెట్టండి సారూ. పది లెక్కపెట్టండి."

సారు నవ్వుతూ పెట్టారు. ఒకటి అన్నారు. రెండు. మూడుకి నవ్వు పోయింది. అయిదుకి ముఖం ఎర్రబడింది. "అమ్మో!" అని చెయ్యి లాక్కుని దులుపుకున్నారు.

"ఇది సెప్టెంబరు సారూ. జులైలో అయితే మీ చెయ్యి గూడా ఉడికి ఉండు," అంది అవ్వ.

"మరి ట్యాంకు చల్లబరిచే చిల్లరు... అగ్రిమెంట్ల..." సారు వేళ్లు ఊదుకున్నారు. ఒక్కసారిగా ఏదో తట్టినట్టు తలెత్తారు. "నీకు ముందే తెలుసా?"

"మొదటి దినమే చెప్పబోతి. నువ్వు చెయ్యి కడుక్కున్నావా అని అడిగితిరి."

గుమ్మంలో ఎవరో కిసుక్కుమన్నారు. పద్మజమ్మ. ఆ నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగింది. సారు ఎవరి మీద అరవాలో తెలియక కుళాయి వైపు చూశారు. పనిలోంచి తీసేస్తానని అనడానికి నోరు తెరిచి ఉండొచ్చు. కానీ ఇంట్లో ఏం కాస్తారో మొత్తం తెలిసిన మనిషిని తీసేయడం అంత మంచి ఆలోచన కాదని ఇంజినీరుకి ఆమాత్రం తెలుసు. కాసేపటికి మెత్తబడ్డారు.

"సరే. ఆ జాడీ ఇటియ్యి. ఇక పొట్లాలు లేవు నా దగ్గర."

"శుక్రవారం తోడు ఇయ్యగూడదు సారూ."

"ఏంది?"

"లక్ష్మి పోతాది. మా ఊర్లో శుక్రవారం చెయ్యి దాటి తోడు పోదు."

"అవునండీ, మా అమ్మ కూడా ఇవ్వదు," అంది నిత్య వెనక నుంచి. సారు ఆమె వైపు కొరకొరా చూశారు.

"అయితే రేపు తీసుకుంట. రేపు శనివారం."

"ముందర ఒక మాట ఉండాది సారూ. ఆ పొద్దు నిత్యమ్మ గిన్నె తెచ్చుకున్నప్పుడు మీరు ఒక మాట అన్యారు. అందరూ ఈడనే ఉండారు ఇప్పుడు."

సారు గొంతు సవరించుకున్నారు. "ఇట్ వాజ్ ద వాటర్," అన్నారు కౌశల్ వైపు తిరిగి.

"తెలుగులో సారూ. నాకు, నిత్యమ్మకి."

"నీళ్లది తప్పు. సంజీవమ్మ చెయ్యి కాదు."

"చెయ్యి ఎట్లాంటిది సారూ?"

"మంచిదే."

"ఇనపడలే. పిల్లోళ్లు గోల చేస్తాండారు." పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఒక్కరూ కిక్కురుమనలేదు.

"మంచిదమ్మా, నీ చెయ్యి మంచిది!" సారు గట్టిగా అన్నారు. "సరిపోయిందా? ఇప్పుడు అది ఫ్రిజ్‌ల పెట్టు, రేపు పొద్దున తీసుకుంట."

అవ్వ హాల్లోకి పోయి జాడీ తెచ్చింది. రెండు చేతుల్లో పట్టుకుని ఒక్క క్షణం దాని వాసన చూసింది. తర్వాత దాన్ని కుళాయి కింద పెట్టి, నీళ్లు ఇంకొంచెం పెద్దవి చేసింది.

"ఏయ్! ఏయ్, సంజీవమ్మా!"

వేడినీళ్లు పడగానే నురగ ఒక్కసారి ఎగసి, చల్లబడిన పాలపొంగులాగా కూలింది. జాడీ నిండి, పొర్లి, తెల్లటి మడ్డి అంతా తూములోకి జారిపోయింది. అవ్వ జాడీని రెండుసార్లు తొలిచి బోర్లించింది.

"రేపిస్తనన్నవు కదా!"

"నేను యాడ అన్యాను సారూ? మీరే అంటిరి. ఈ దేశంలో అది ఉండగూడదంట. నా అకామా పోతాది."

ఆ మధ్యాహ్నం అతిథులు తొందరగా వెళ్లిపోయారు. సారు బెడ్‌రూములో తలుపేసుకున్నారు. అవ్వకి కావలసింది దొరికింది, అన్న నోటితోనే, అందరి ముందూ. అంట్లు తోముతూ మూతి తుడుచుకుని నవ్వుకోవాలి నిజానికి. నవ్వు రాలేదు. తోమిన గిన్నెనే మళ్లీ తోముతోంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచీ ఆమె చెయ్యి తోడుని బతికించడమే గానీ చంపడం ఎరగదు. గురువారం కెటిల్ పట్టుకుని గుమ్మందాకా పోయి, ఏ మాట నిజమవుతుందని వెనక్కి వచ్చిందో, ఆ మాటని ఈ రోజు తనే, అందరూ చూస్తుండగా, నిజం చేసింది. అదీ రెండు నెలలు రోజూ తిండి పెట్టి, లేపి, మాట్లాడినదాన్ని.

మూడు రోజులు అవ్వ పాలలో చెయ్యి పెట్టలేదు. వేలు నొప్పని పద్మజమ్మకి చెప్పి అంగడి పెరుగు తెప్పించింది. బషీరా బీకి సంగతి తెలిసి, "గెలిచి గూడా ఇట్లా కూసుంటారా ఎవరన్నా?" అని కేకలేసింది. అవ్వ తడి బట్టలు దులిపి ఆరేస్తూ పోయింది.

మంగళవారం పొద్దున పాలు కాచింది. ఆరనిచ్చింది. చిటికెన వేలు ముంచి వేడి చూసింది. తోడు వేసి, మూత పెట్టి, గిన్నెకి తువ్వాలు చుట్టి, దాని పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. ఉల్లిపాయలు అక్కడే తరిగింది, బియ్యం అక్కడే ఏరింది. గంటగంటకీ మూత ఎత్తబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. సాయంత్రం నాలుగింటికి ఇక ఆగలేక తీసింది. గిన్నెని కొంచెం వంచింది. ఇంకొంచెం వంచింది. పెరుగు కదల్లేదు. చెంచా గుచ్చితే నిలబడింది. అవ్వ చాలాసేపు ఆ చెంచా వైపే చూసి, తన కుడిచేతిని ఎడమచేత్తో ఒకసారి నిమిరింది.

ఆ రాత్రి భోజనంలో సారు పెరుగు కలుపుకుని, తలెత్తకుండా తిన్నారు. అయిదు రోజులుగా అవ్వతో మాట్లాడని మనిషి. గిన్నె ఖాళీ చేసి, చెంచా పక్కన పెట్టి, గొంతు తగ్గించి అడిగారు.

"ఇంకొంచెం పెరుగు ఉందా, సంజీవమ్మా?"

"ఖలాస్ సారూ," అంది అవ్వ.

వంటింట్లో గిన్నెలో సగానికి పైగా ఉంది.